కంప్యూటరు వచ్చింది, ట్యాగుదారం పోలేదు

సంపాదకుల వారికి నమస్కారం.

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో మా పురపాలక కార్యాలయం గురించి వచ్చిన వార్త చదివాను. కమిషనరు గారు మానిటరు ముందు కూర్చుని నవ్వుతున్న ఫొటో కూడా చూశాను. ఇకపై అది కాగితం లేని కార్యాలయమట. ఆ రోజే రాద్దామనుకున్నాను. మా వదిన పని ఆ వారంలో అయిపోతుందని ఎవరో చెబితే, ఎందుకొచ్చిన గొడవలే అని ఆగాను. అవలేదు కాబట్టి రాస్తున్నాను. ఊరి పేరు మాత్రం రాయను. ఫైలు ఇంకా వాళ్ల చేతిలోనే ఉంది.

మా అన్నయ్య పోయిన ఏడాది కాలం చేశాడు. ఇంటి పన్ను వదిన పేరు మీదికి మార్చాలి. పని ఇంతే. వార్డు సచివాలయంలో దరఖాస్తు పెట్టాం. అక్కడి అమ్మాయి చురుకైనది. కాగితాలన్నీ స్కాన్ చేసి, రసీదు చేతికిచ్చి, "ఇక మీరు తిరగక్కర్లేదు తాతగారూ, ఫోనుకే మెసేజ్ వస్తుంది" అంది. మర్నాడు మెసేజ్ రాలేదు కానీ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. ఒరిజినల్స్, వాటితోపాటు రెండు సెట్ల జిరాక్సు పట్టుకుని రమ్మన్నారు.

వెళ్లి చూద్దును కదా, మేం ఆన్‌లైన్‌లో పెట్టిన దరఖాస్తును ప్రింటు తీసి, అట్టలో పెట్టి, మూలన కన్నం పొడిచి, ట్యాగుదారం కట్టి ఉంచారు. పేజీకి పైన ఎర్ర సిరాతో నంబర్లు. ఎడమవైపు నోట్ ఫైలు. నేను జూనియర్ అసిస్టెంటుగా చేరి సూపరింటెండెంటుగా దిగినవాణ్ణి, ముప్పై నాలుగేళ్లు ఆ దారాలే కట్టాను. చాన్నాళ్లకు చూసేసరికి, నిజం చెప్పొద్దూ, కాస్త ముచ్చటేసింది కూడా. ఆ ఫైలు బిల్ కలెక్టరు రిపోర్టు కోసం వెళ్లాలి, తర్వాత ఆర్‌ఐ అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, తర్వాత ఆర్‌ఓ అంటే రెవెన్యూ ఆఫీసరు, ఆపైన కమిషనరు గారు. అందరూ పెన్నుతో సంతకాలు పెట్టాక, ఆ కాగితాన్ని మళ్లీ స్కాన్ చేసి కంప్యూటరులోకి ఎక్కిస్తారు. అప్పుడు డిజిటల్ సంతకం. అంటే కంప్యూటరు నుంచి బయటికి తీసిన కాగితం ఊరంతా తిరిగి వచ్చి మళ్లీ కంప్యూటరులోకే వెళుతుంది.

ఇంకో విడ్డూరం. మరణ ధ్రువపత్రానికి గెజిటెడ్ అధికారి చేత అటెస్టేషన్ చేయించుకు రమ్మన్నారు. ఆ పత్రం ఇచ్చింది అదే ఆఫీసు. రెవెన్యూ సెక్షన్ గుమాస్తా తల తిప్పితే ఆరోగ్య విభాగం గది కనిపిస్తుంది, మధ్యలో ఒక చెక్క పార్టిషనే అడ్డం. "బాబూ, మీ ఆఫీసు ఇచ్చిన కాగితం నిజమని మీ ఆఫీసుకే నేను రుజువు చేయాలా?" అని అడిగాను. "ఆ సెక్షన్ లాగిన్ మాకు లేదండి" అన్నాడు. అబ్బాయి మంచివాడే. తప్పు అతనిదని నేననను.

అసలు తమాషా రసీదు మీద వేసిన గడువుతో మొదలైంది. రేపటితో గడువు ముగుస్తుందనగా, సాయంత్రం దరఖాస్తును రిటర్న్ కొట్టారు. కారణం, పేరులో తేడా. ఆధార్‌లో మా ఇంటిపేరు పూర్తిగా ముందుంది. మరణ ధ్రువపత్రంలో పొడి అక్షరంగా చివర ఉంది. మన తెలుగువాళ్లలో ఇంటిపేరు ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేని కుటుంబాలు ఎన్నుంటాయో చెప్పండి. సరే, అఫిడవిట్ పెట్టి కొత్త దరఖాస్తు ఇచ్చాం. కొత్త నంబరు, కొత్త గడువు. అదీ గడువుకు ఒక రోజు ముందు వెనక్కి వచ్చింది, ఈసారి స్కానింగ్ మసగ్గా ఉందని. స్కాన్ చేసింది వాళ్లే. రిటర్న్ కొట్టిన ప్రతిసారీ తెర మీద ఆ దరఖాస్తు పరిష్కారమైనట్టే పచ్చగా కనిపిస్తుంది. మీ వార్తలో గడువులోగా పరిష్కారం అని ఘనంగా రాశారు చూడండి, ఆ లెక్కలో మా వదిన దరఖాస్తు రెండుసార్లు ఉండే ఉంటుంది. రెండోసారి మెసేజ్ కూడా వచ్చింది, మా సేవతో మీరు సంతృప్తి చెందారా అని. డెబ్బై దాటిన మా వదిన ఆ మెసేజ్ చూసి పనైపోయిందనుకుని పక్కింటికి స్వీటు కూడా పంపింది.

కంప్యూటరు మీద నాకు కోపం లేదు. 1998లో రిజిస్ట్రేషన్ శాఖలో కంప్యూటర్లు పెట్టిన కార్డ్ పథకం వచ్చినప్పుడు నేను సర్వీసులోనే ఉన్నాను. అంతకుముందు ఒక ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ కావాలంటే పాత ఇండెక్సు పుస్తకాలన్నీ తిరగేయాలి. దస్తావేజును గుమాస్తా కూర్చుని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పెద్ద వాల్యూములోకి చేత్తో ఎక్కించాలి. కార్డ్‌తో ఆ చేతిరాత కాపీ పోయింది, దాని స్థానంలో స్కానింగ్ వచ్చింది. స్థలం విలువ కట్టే పని కంప్యూటరుకు పోయింది. ఈసీ నిమిషాల్లో చేతికొచ్చింది. దస్తావేజు లేఖరులు మాత్రం ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు, అది వేరే కథ. అయినా ఆ మార్పులో కొన్ని పనులు నిజంగానే లేకుండా పోయాయి. నేను అంటున్నది అదే.

రైల్వే సంగతి చూడండి. 1986లో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైంది. దాంతో ఈ రైలుకు ఈ కౌంటరు, ఆ రైలుకు ఆ కౌంటరు అనే గోల పోయి, ఎక్కడ నిలబడినా ఏ రైలుకైనా టికెట్ ఇచ్చే పద్ధతి వచ్చింది. 2002లో ఐఆర్‌సీటీసీ వచ్చిన కొత్తలో టికెట్ ఆన్‌లైన్‌లో కొంటే కొరియర్‌లో ఇంటికి పంపేవారు. తర్వాత మనమే ప్రింటు తీసుకుంటే చాలన్నారు. ఆ తర్వాత ఫోనులో మెసేజ్ చూపిస్తే చాలన్నారు. ఒక్కో మెట్టులో ఒక్కో కాగితం రాలిపోయింది. మా పురపాలక కార్యాలయం చేతిలో రైల్వే ఉండి ఉంటే టీటీఈకి ఫోనూ, ప్రింటూ, కొరియర్ కవరూ, వాటి జిరాక్సూ చూపించాల్సి వచ్చేది.

మా అల్లుడు హైదరాబాద్‌లో ఇదే పని చేస్తాడు, కంపెనీల్లో పని పద్ధతులు మార్చి సాఫ్ట్‌వేర్ పెట్టడం. వాళ్ల భాషలో ఇప్పుడున్న పద్ధతిని యాజ్ ఈజ్ అంటారట, రాబోయేదాన్ని టు బీ అంటారట. అతనే ఫోర్డ్ కంపెనీ సంగతి చెప్పాడు. 1980ల్లో అమెరికాలో ఫోర్డ్‌కు సరుకు పంపినవాళ్లకు డబ్బు చెల్లించే విభాగంలో 500 మందికి పైగా ఉండేవారట. కంప్యూటర్లు పెడితే ఓ 20 శాతం మందిని తగ్గించవచ్చని లెక్కేసుకున్నారు. తీరా చూస్తే జపాన్ కార్ల కంపెనీ మాజ్దాలో అదే పనికి ఐదుగురే ఉన్నారు. మాజ్దా చిన్న కంపెనీయే, కానీ అంత తేడాకు అదొక్కటే కారణం కాదు కదా. అప్పుడు బిల్లును, ఆర్డరును, సరుకు రసీదును పక్కపక్కన పెట్టి సరిచూసే పనినే ఎత్తేశారు. సరుకు గేటు దగ్గర దిగగానే ఆర్డరుతో సరిపోయిందా లేదా తెర మీదే చూస్తారు, సరిపోతే చెక్కు వెళ్లిపోతుంది. బిల్లు పంపనే వద్దన్నారు. సిబ్బంది 75 శాతం తగ్గారు. నేను మనుషుల్ని తీసేయమని చెప్పడం లేదు, మా ఆఫీసులో ఉన్నవాళ్లే చాలడం లేదు. ఒక కాగితం అసలెందుకు అని అడిగినవాడు ఒక్కడు ఉంటే ఏం జరుగుతుందో చెబుతున్నాను. మా ఊళ్లో యాజ్ ఈజే టు బీ అయి కూర్చుంది.

ఈ ముక్క పెద్దలెవరూ చెప్పలేదనుకోకండి. మన లోక్‌సత్తా జయప్రకాశ్ నారాయణ్ గారు కొంతకాలం సభ్యులుగా ఉన్న రెండో పరిపాలనా సంస్కరణల కమిషన్ 2008లో ఈ-గవర్నెన్స్ మీద ఒక నివేదికే ఇచ్చింది. ముందు పని పద్ధతి సరిచేయండి, తర్వాత కంప్యూటర్లు పెట్టండి అని అందులో ఉంది. ఆ నివేదికకూ ఎక్కడో ట్యాగుదారం కట్టే ఉంటారు.

మా ఆఫీసుల్లో ఇప్పటికీ నడిచేది మద్రాసు ప్రెసిడెన్సీ నాటి టాటెన్‌హామ్ ఫైళ్ల పద్ధతి. దాన్ని వెక్కిరించేవాళ్లకు ఒక మాట. అందులో వచ్చిన ప్రతి కాగితానికీ ఒక వరస నంబరు (కరెంటు నంబరు అనేవాళ్లం), అది ఏ గుమాస్తా దగ్గర ఎన్నాళ్లుందో చెప్పే పర్సనల్ రిజిస్టరు, ముగిసిన ఫైలు ఎన్నాళ్లు ఉంచాలో చెప్పే పద్దు ఉండేవి. ఎల్.డిస్ ఏడాది, కె.డిస్ మూడేళ్లు, డి.డిస్ పదేళ్లు, ఆర్.డిస్ శాశ్వతం. పర్సనల్ రిజిస్టరు తనిఖీకి వస్తుందంటే మాకు టెన్షన్‌తో అన్నం దిగేది కాదు. నెల దాటిన కాగితం ఉంటే తహశీల్దారు గారు నిలబెట్టి అడిగేవారు. ఇప్పుడు ఎవరూ ఎవరినీ అడగరు, తెర పచ్చగా ఉంటే చాలు. తీసేయాల్సిన సంతకాలను ఉంచారు, ఉంచాల్సిన తనిఖీని తీసేశారు. ఇక కొత్తగా వచ్చిన పిల్లలకు నాలుగు వాక్యాల నోటు రాయడం రాదు. మాకు వచ్చిన రిటర్న్ మెమోలో అన్నయ్య "మృతి చెందుచున్నాడు" అని ఉంది. పోర్టల్‌లో అచ్చు వేసినదే అట.

ప్రభుత్వం మారినప్పుడల్లా పేర్లు మాత్రం మారతాయి. ఈ-సేవ అన్నారు, మీసేవ అన్నారు, 2019లో సచివాలయాలు వచ్చాయి, 2025 జనవరిలో వాట్సాప్‌లో మన మిత్ర వచ్చింది, 161 సేవలతో. సోమవారం అర్జీలకు మీకోసం అన్నారు, స్పందన అన్నారు, ఇప్పుడు పీజీఆర్ఎస్ అంటున్నారు. దేనికీ నేను వ్యతిరేకిని కాదు. గుమ్మానికి ఎన్ని రంగులేసినా లోపల అవే బల్లలు, అదే వరస. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత ఉంది. ఇక్కడ పూజారులు నలుగురు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. పక్క గదిలోని మరణ నమోదు రెవెన్యూ సెక్షన్‌కు కనిపించేలా ఒక లాగిన్ ఇవ్వండి. రిటర్న్ కొడితే గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టడం ఆపండి. లోపాలుంటే మూడోరోజే, అన్నీ ఒకేసారి చెప్పండి. ఇంటి పన్ను పేరు మార్పుకు నాలుగు సంతకాలు ఎందుకో కమిషనరు గారు మీ పత్రిక ద్వారానే వివరిస్తే, ఫొటోతో సహా, కత్తిరించి దాచుకుంటాను.

మూడో దరఖాస్తు పెట్టి ఈ రోజుకు పదకొండు రోజులైంది. సోమవారం వదినను వెంటబెట్టుకుని రమ్మని నిన్న ఫోను చేశారు. రెండు సెట్ల జిరాక్సుతో.

– ఒక విశ్రాంత సూపరింటెండెంటు