బొమ్మ ఉంచండి, కింద రాత మార్చండి

సంపాదకుడు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో చైనా కవి లీ బాయ్ బొమ్మ వేసి, కింద 'మందుబాబు మహాకవి' అని రాశారు. పిల్లలు చూసే పేజీలో ఇలాంటివి ఎందుకని ఒక పాఠకుడు గత వారం లేఖ రాశారు. దూబగుంట మహిళలు సారా మీద పోరాడిన నేల మీద ఆ మాట రావడంలో వింత లేదు. నా అభ్యంతరం మాత్రం మీరు పెట్టిన ఆ రెండు మాటల మీదే.

13వ శతాబ్దంలో లియాంగ్ కాయ్ వేసిన ఆ బొమ్మ ఇప్పుడు టోక్యో నేషనల్ మ్యూజియంలో ఉంది. మళ్లీ ఒకసారి చూడండి. అందులో గిన్నె లేదు, కూజా లేదు. కొద్దిపాటి కుంచె గీతల్లో వదులు అంగీ, పైకెత్తిన ముఖం, అంతే. లీ బాయ్ బాగా తాగేవాడన్నది నిజమే. చక్రవర్తి పిలిచినా పడవ ఎక్కలేదని తోటి కవి దూ ఫూ సరదాగా రాశాడు కూడా.

ఈ తరహా బొమ్మల వెనక ఇంకా పాత కథ ఉంది. 3వ శతాబ్దపు 'వెదురుతోపు ఏడుగురు' అనే కవులు, పండితులు చైనాలోని నాన్‌జింగ్ దగ్గర 1960లో బయటపడ్డ ఒక సమాధి గోడల మీద చెట్ల కింద కూర్చుని కనిపిస్తారు. లియూ లింగ్ చేతిలో గిన్నె, జీ కాంగ్ ఒళ్లో తంత్రీవాద్యం. పిక్నిక్ అనుకుంటాం. కానీ అప్పుడు రాజ్యం సీమా వంశం గుప్పిట్లోకి పోతోంది. ఆ ఏడుగురిలో ఒకడైన రువాన్ జీ కూతుర్ని తన కొడుక్కి చేసుకుంటానని ఆ వంశపు సీమా జావో కబురు పెట్టాడు. ఒప్పుకుంటే పరువు పోతుంది, కాదంటే తల పోతుంది. రువాన్ జీ 60 రోజులు తాగి పడి ఉన్నాడట. ఒంటి మీద తెలివి లేని మనిషితో సంబంధం ఏం మాట్లాడతారు? ఆ ఊసు అక్కడితో ఆగింది. మనసులో మాట దాచుకోని జీ కాంగ్‌కు మరణశిక్ష పడింది. కొరియా, జపాన్ చిత్రకారులు కూడా శతాబ్దాలపాటు వీళ్ల బొమ్మలు వేశారు.

అందరూ రాజకీయం కోసమే తాగారని నేననను. ఊరికే ఇష్టపడి తాగినవాళ్లూ ఉన్నారు.

అందుకే బొమ్మలు ఆపకండి, కింద నాలుగు వాక్యాల్లో కథ చెప్పండి. ఆరోగ్య హెచ్చరిక కూడా కావాలంటే పెట్టండి, సినిమాల్లో వేస్తున్నారుగా! మరో పాత చైనా కవి తావో యువాన్‌మింగ్ బొమ్మ వేసే రోజున, తాగుడు మానేస్తానంటూ ఆయన రాసిన పద్యం కూడా వేయండి. మానలేదనుకోండి, అది వేరే సంగతి.

- ఒక పాఠకురాలు, గుంటూరు