వైరల్ జ్వరానికి యాంటీబయాటిక్ ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

వానలు మొదలైతే చాలు, మా సోంపేట, కంచిలి, కవిటి వైపు మెడికల్ షాపుల ముందు జ్వరం మనుషులే. చేతిలో డాక్టరు చీటీ ఉండదు. జ్వరం, ఒళ్లు నొప్పులు అనగానే సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ మాత్రలు, నొప్పి బిళ్లలు కలిపి ఇచ్చేస్తున్నారు. కొందరు ఆర్‌ఎంపీలు డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ కూడా పొడుస్తున్నారు.

ఈ జ్వరాల్లో చాలావరకు వైరస్ వల్ల వచ్చేవే. యాంటీబయాటిక్ ఎక్కువగా బ్యాక్టీరియా కణగోడనో, దాని ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్‌నో దెబ్బతీస్తుంది. వైరస్‌కు ఆ రెండూ లేవు. మరి మాత్ర వేసుకున్నాక తగ్గింది కదా అంటారు. తగ్గించింది మన ఒంట్లోని ప్రొటీన్లు. ఆ సంగతి జనానికి ఎవరూ చెప్పడం లేదనే నా బాధ.

వైరస్ సోకిన కణం ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్‌ను బయటికి వదులుతుంది. 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ దీన్ని కనుగొన్నారు. వీధిలో ‘దొంగ, దొంగ’ అన్న కేక విని పక్కిళ్లవాళ్లు గడియ పెట్టుకున్నట్టే, పక్క కణాలు వందల రకాల రక్షణ ప్రొటీన్లు తయారుచేసుకుంటాయి. అందులో ఐఎఫ్‌ఐటీఎం3 ఒకటి. ఫ్లూ, డెంగీ వైరస్‌లను అది అడ్డుకుంటుందని 2009లో తేలింది. ఈ వైరస్‌లు ముందు కణంలోని చిన్న పొరసంచిలోకి చేరతాయి. అక్కడ ఆమ్లగుణం పెరగగానే తమ పొరను సంచి పొరతో కలిపేసుకుని జన్యుపదార్థాన్ని కణంలోకి వదలాలి. ఐఎఫ్‌ఐటీఎం3 సంచి పొరను బిగుసుకుపోయేలా చేస్తుంది. పొరలు కలవవు, వైరస్ అందులోనే చిక్కి నాశనమవుతుంది. అన్నీ ఇలా చిక్కవు. తప్పించుకున్నవాటిని కొద్ది రోజుల్లో తయారయ్యే యాంటీబాడీలు పట్టుకుంటాయి. జ్వరం, ఒళ్లు నొప్పులు చాలావరకు ఈ పోరులో భాగమే.

అనవసరంగా మింగిన యాంటీబయాటిక్ వల్ల బ్యాక్టీరియా మొండికేస్తుంది. రేపు నిజంగా న్యుమోనియా వచ్చిన నాడు ఆ మందు పనిచేయకపోవచ్చు. కిడ్నీ జబ్బుతో ఇన్ని కుటుంబాలు చితికిపోయిన మా ఉద్దానం ప్రాంతంలో నొప్పి మందులు ఇంకా ప్రమాదం. డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీలను దెబ్బతీయగలవు, డెంగీ ఉంటే రక్తస్రావం ముప్పు పెంచుతాయి.

సెఫిక్సిమ్ షెడ్యూల్ హెచ్1 మందు. 2014 మార్చి నుంచి దాన్ని చీటీ మీదే అమ్మాలి, కొన్నవారి వివరాలు రిజిస్టర్‌లో రాసి 3 ఏళ్లు ఉంచాలి. ఔషధ నియంత్రణ అధికారులు ఆ రిజిస్టర్లు తెరిపించి చూడాలి. జ్వరాల సర్వేకు ఇంటింటికీ వచ్చే ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తల చేత ఈ విషయం చెప్పించాలి. అన్నింటికన్నా ముందు, మలేరియా, డెంగీ పరీక్షల ఫలితం పీహెచ్‌సీలో అదే రోజు చేతికివ్వాలి. అలా ఇస్తే కూలి మానుకుని వచ్చిన మనిషి మళ్లీ షాపు దారి పట్టాల్సిన పని ఉండదు.

– ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయిని, సోంపేట, శ్రీకాకుళం జిల్లా