మావా, రాత లెక్కని ఆఖరి వాక్యం నుంచి చదువు

విశాఖపట్నం

ఒరేయ్ మావా,

నీ ఉత్తరం చూశాను. ఈ వయసులో ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టావంటే ఎంత సంతోషంగా ఉందో! కూడికలు, హెచ్చవేతలు నోటితోనే చేసేస్తావట, రాత లెక్క, అంటే వాక్యాల్లో అడిగే లెక్క కనపడితే మాత్రం పెన్ను కదలదట. గాజువాకలో ఇన్నేళ్లు కొట్టు లెక్కలు చూసినవాడివి, నీకు చిక్కల్లా ఆ వాక్యాలు చదవడం దగ్గరే.

ముందు ఆఖరి వాక్యం చదువు. అడిగినదాని కింద గీత గీసి, జవాబు రూపాయల్లో రావాలా, ఏళ్లలోనా, సెకన్లలోనా అని పక్కన రాసుకో. ఆ తర్వాతే మొదటికి రా.

వయసుల లెక్కకి నాలుగు గళ్ల పట్టీ గియ్యి. "తల్లి వయసు కూతురి వయసుకి మూడు రెట్లు. 10 ఏళ్ల తర్వాత రెట్టింపే. ఇప్పుడు వాళ్ల వయసులెంత?" కూతురు ఇప్పుడు 'క', తల్లి 3క. పక్క గళ్లలో క + 10, 3క + 10. రెట్టింపు అన్నది పదేళ్ల తర్వాతి మాట కనక ఆ గళ్లతోనే సమీకరణం రాయాలి: 3క + 10 = 2(క + 10). ఎక్కువమంది ఇక్కడే బ్రాకెట్ వదిలేసి 2క + 10 అని రాస్తారు. అప్పుడు క సున్నా అయిపోతుంది, కూతురితో పాటు తల్లి వయసూ సున్నాయే! బ్రాకెట్ ఉంచితే క = 10, తల్లికి 30. పదేళ్లకి 20, 40. ఇలా జవాబుని మళ్లీ లెక్కలో పెట్టి సరిచూసుకోవడం మాత్రం ఎప్పుడూ మానకు.

"కంటే" వచ్చిన చోట నిదానించు. "రాజు దగ్గర రవి కంటే 8 రూపాయలు తక్కువ" అంటే చాలామంది 8ని రాజు పక్కన తీసేసి రాజు − 8 = రవి అని రాస్తారు. అనుమానమొస్తే రవికి 20 ఇచ్చి చూడు, రాజుకి 12 వస్తాయి. అంటే రాజు = రవి − 8.

శాతం కనపడితే "దేని మీద?" అని అడుగు. జగదాంబ దగ్గర బట్టల కొట్టులో 1000 రూపాయల చీరకి 20 శాతం తగ్గించి, ఆపైన ఇంకో 10 శాతం తగ్గిస్తే 700 కాదు. రెండో తగ్గింపు 800 మీద కనక 720.

రైలు ప్లాట్‌ఫారం దాటే లెక్కలో రెండు పొడవులూ కలపాలి. 180 మీటర్ల రైలు, 220 మీటర్ల ప్లాట్‌ఫారం, మొత్తం 400. గంటకి 72 కిలోమీటర్లని 5/18తో (1000 మీటర్లు, 3600 సెకన్లు కనక 1000/3600) హెచ్చిస్తే సెకనుకి 20 మీటర్లు. 400ని 20తో భాగిస్తే జవాబు 20 సెకన్లు.

డ్యూటీ దిగాక రోజుకి మూడు లెక్కలు చాలురా. మొదటి వారం సమీకరణం రాసి ఆపెయ్యి, సాధించకు. నీకు అభ్యాసం అవసరమైంది సమీకరణం రాసే ఆ ముక్కకే. పరీక్షలో కూడా జవాబు తప్పినా స్టెప్పులకి మార్కులుంటాయి.

ఆగిపోయిన లెక్కల్ని ఫోటో తీసి పంపు, నువ్వు రాసిన పట్టీ కూడా కనపడాలి. పని-కాలం లెక్కల సంగతి వచ్చే ఉత్తరంలో రాస్తాను.

నీ
మావ