ఈ ఏడాది ఏం చేశాం, ఏం చేయలేకపోయాం: కార్యదర్శి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి ముందు కార్యదర్శి నివేదిక ఇవ్వాలని మన నియమావళిలో ఉంది కాబట్టి రాస్తున్నాను. ఆ నియమం లేకపోయినా ఈసారి రాసేదాన్నే. ఎవరు ఏ పని చేశారో ఒకచోట రాసి పెట్టకపోతే, అవన్నీ వాటంతట అవే జరిగిపోయాయని అనుకుంటాం. మన అపార్ట్‌మెంట్‌లో చెత్త, నీళ్లు, కరెంటు వృథా తగ్గించాలన్న సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, మళ్లీ వివరించను.

మొదట తడి చెత్త సంగతి. పోయిన సమావేశంలో కంపోస్టు తొట్టెలు మూసేయాలని చాలామంది గట్టిగా అడిగారు. వాసన, ఈగలు, అడుగు నుంచి కారే నల్లటి ఊట, వాళ్లు చెప్పినవన్నీ నిజమే. తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి మాకు కొంతకాలం పట్టింది. వంటింటి చెత్తలో నీరూ నత్రజనీ ఎక్కువ, కర్బనం తక్కువ. నత్రజనికి 25 నుంచి 30 రెట్లు కర్బనం ఉంటేనే కుప్ప సరిగ్గా మాగుతుంది. మనం తొక్కలు మాత్రం తెచ్చి పోస్తూ వచ్చాం, అందుకే లోపల గాలి ఆడక కుళ్లిపోయింది. ఇప్పుడు ఒక బకెట్ తడి చెత్త వేస్తే దాని మీద కర్బనం ఎక్కువుండే ఎండుటాకులు ఒక బకెట్ వేస్తున్నాం, వారానికి రెండుసార్లు పారతో తిరగేస్తున్నాం. అంతకు మించి చేసిందేమీ లేదు. వాసన పోయింది.

చలికాలంలో ఒక ఉదయం కుప్ప తిరగేస్తుంటే లోపలి నుంచి ఆవిరి లేచింది. థర్మామీటర్ గుచ్చి చూస్తే 58 డిగ్రీలు. 55 దాటిన వేడి మూడు రోజులు నిలిస్తే రోగాలు తెచ్చే క్రిములు, కలుపు విత్తనాలు చాలావరకు చచ్చిపోతాయి, అంటే కుప్ప దారిలో పడిందని లెక్క. ఆ పొద్దున అక్కడ ఉన్నది ముగ్గురమే. తర్వాత ఎరువు జల్లెడ పట్టినప్పుడు అంతా మట్టిలా మారిపోయింది గానీ, పండ్ల మీద అంటించి వచ్చే చిన్న చిన్న ప్లాస్టిక్ స్టిక్కర్లు మాత్రం రంగు కూడా పోకుండా పైన మిగిలాయి. వాటిని చేత్తో ఒక్కొక్కటీ ఏరాం. దయచేసి తొక్క పడేసే ముందు ఆ స్టిక్కర్ తీసేయండి, మీకు ఒక్క క్షణం పని, మాకు ఒక పూట పని.

తడి చెత్త మీద ఇంత పట్టు ఎందుకని అడిగేవాళ్లకు ఒక మాట. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం లెక్క ప్రకారం 2022లో ప్రపంచం మొత్తం మీద 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది, అందులో 60 శాతం ఇళ్ల నుంచే. అది డంపింగ్ యార్డులో గాలి తగలకుండా కుళ్లితే మీథేన్ అనే వాయువు వస్తుంది. 20 ఏళ్ల లెక్కన చూస్తే మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు ఎక్కువగా వేడిని పట్టి ఉంచుతుంది. దక్షిణ కొరియా 2005లోనే ఆహార వ్యర్థాలను పూడ్చిపెట్టడం నిషేధించింది, 2013 నుంచి ఎవరు ఎంత పారేస్తే అంత కట్టేలా పద్ధతి పెట్టింది. అక్కడ ఇప్పుడు 95 శాతం దాకా తిరిగి వాడుకలోకి వస్తోంది. అక్కడివాళ్లు కూడా పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లలో ఉంటూనే చేస్తున్నారు.

పొడి చెత్త దగ్గర మాత్రం ఈ ఏడాది నాకు కడుపు మండింది. ఇంటింటా కాగితం, ప్లాస్టిక్, గాజు వేరు చేసి ఇస్తుంటే, మన కళ్ల ముందే అన్నీ ఒకే బండిలో ఎత్తి కలిపేస్తున్నారు. సంబంధిత కార్యాలయానికి లేఖల మీద లేఖలు రాశాం, ఫొటోలు పంపాం, వస్తామని రెండుసార్లు చెప్పి రాలేదు. పిల్లలు చూసి "మరి మనం ఎందుకు వేరు చేయడం?" అని అడిగితే వాళ్లకు చెప్పడానికి నా దగ్గర జవాబు లేకపోయింది. చివరకు కాగితం, సీసాలు, లోహం మనమే నిలవ చేసి నేరుగా పాత సామాన్లు కొనేవాళ్లకు ఇస్తున్నాం. ఇందులో బండి మీద పనిచేసే కార్మికుల తప్పేమీ లేదు, వాళ్లకు వేర్వేరు అరలున్న బండి ఇవ్వలేదు, అంతే. పగిలిన గాజును కాగితంలో చుట్టి పైన గాజు అని రాయమని ఎన్నిసార్లు చెప్పినా కొందరు వినడం లేదు. ఒక కార్మికురాలి అరచేయి తెగింది. దీని గురించి ఇంకా మర్యాదగా చెప్పడం నాకు చేతకాదు.

ఇక అందరూ మాట్లాడుకుంటున్న మరమ్మతుల రోజు. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టిన్ పోస్ట్‌మా అనే ఆవిడ మొదటి రిపేర్ కెఫే పెట్టారు. పాడైన వస్తువు తెచ్చుకోండి, బాగుచేయడం వచ్చినవాళ్ల పక్కన కూర్చోండి, కలిసి విప్పి చూడండి అనేదే అందులోని ఆలోచన. ఇప్పుడు అలాంటివి ఎన్నో దేశాల్లో జరుగుతున్నాయి. మన హాల్లో నాలుగు బల్లలు వేసి, కరెంటు కొలిచే మల్టీమీటర్లు రెండు, వైర్లు అతికే సోల్డరింగ్ ఐరన్ ఒకటి, ఒక కుట్టు మిషన్ పెట్టి, ఎవరూ రారేమో అన్న టెన్షన్‌తోనే తలుపు తీశాం. గంట తిరిగేలోపు కుర్చీలు చాలలేదు.

ఒక పెద్దాయన టేబుల్ ఫ్యాన్ తెచ్చారు. స్విచ్ వేస్తే మూలుగుతుంది, రెక్క కదలదు, చేత్తో ఒక తోపు తోస్తే మాత్రం మెల్లగా తిరుగుతుంది. రిటైరైన మన ఎలక్ట్రీషియన్ సభ్యుడు చూడగానే మోటారు తిరగడం మొదలుపెట్టడానికి సాయపడే కెపాసిటర్ పోయిందన్నారు. విప్పి చూస్తే అది ఉబ్బిపోయి ఉంది. ఆయన తాను మార్చలేదు, ప్లగ్ తీసి, స్క్రూడ్రైవర్‌ని ఆ పెద్దాయన చేతికే ఇచ్చి పక్కన నిలబడి ఏ వైరు ఎక్కడో చెప్పారు. ఫ్యాన్ తిరిగినప్పుడు బల్ల మీది కాగితాలన్నీ ఎగిరిపోయాయి, హాలంతా చప్పట్లు. ఒకమ్మాయి ఫోన్ చార్జ్ కావడం లేదని తెచ్చింది. చార్జర్ పెట్టే పోర్టులో జేబులోని నూలు పీచు గట్టిగా పేరుకుని ఉంది. స్విచాఫ్ చేసి చెక్కపుల్లతో తీస్తే పనిచేసింది. ఆ ఫోన్ మార్చేద్దామని అప్పటికే ఇంట్లో అనుకున్నారట.

బాగుకానివీ ఉన్నాయి. మూత జిగురుతో అతికించేసిన వస్తువుల్ని పగలకుండా తెరవడం మా వల్ల కాలేదు, వాటి విడిభాగాలూ దొరకలేదు. ఇది వాడేవాళ్ల అజాగ్రత్త కాదు, తయారీ పద్ధతే అలా ఉంది. అందుకే యూరోపియన్ యూనియన్ 2024లో మరమ్మతు హక్కు మీద చట్టం తెచ్చింది. 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు, అంటే పారేసిన ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్ సామాన్లు పోగైతే, అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క తేలింది 22.3 శాతమే. రీసైక్లింగ్ మంచిదే గానీ, వస్తువు ఇంకో ఐదేళ్లు ఇంట్లోనే పనిచేయడం అంతకంటే మంచిదని ఆ రోజు నాకు ఇంకా గట్టిగా అనిపించింది.

నీళ్ల గురించి క్లుప్తంగా. ఫ్లష్ ట్యాంకులో కాస్త రంగు కలిపి అరగంట ఆగి చూడమని అందరికీ చెప్పాం. ఫ్లష్ నొక్కకుండానే కింద రంగు కనిపిస్తే వాల్వు కారుతున్నట్టే. చప్పుడు లేకుండా రోజంతా కారే నీళ్లు ఇవే. చాలా ఇళ్లలో చిన్న రబ్బరు వాషర్ మారిస్తే సరిపోయింది. 2018లో కేప్‌టౌన్ నగరం కరువులో మనిషికి రోజుకి 50 లీటర్లకు మించి వాడొద్దని కట్టడి పెట్టింది. మామూలు షవర్ నిమిషానికి 9, 10 లీటర్లు వదులుతుంది, అంటే ఐదు నిమిషాల స్నానంతో ఆ రోజు వాటా దాదాపు అయిపోయినట్టే. ఇంకుడు గుంత పూడిక ఈ ఏడాది తీయించాం. 100 చదరపు మీటర్ల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే వెయ్యి లీటర్లు, అది డ్రైనేజీలోకి పోకూడదన్నదే మన తాపత్రయం. పూడిక తీయడం ఏటా చేయాల్సిన పని, ఒకసారి తవ్వి వదిలేసేది కాదు.

మెట్ల దగ్గర ట్యూబ్‌లైట్లు మార్చాం. పాతవి ఒక్కొక్కటి చోక్‌తో కలిపి 50 వాట్లు లాగేవి, కొత్త ఎల్ఈడీలు 20. సైకిల్ స్టాండు ఇంకా కాగితం మీదే ఉంది. స్థలం ఇస్తామన్నవాళ్లు మాట మార్చారు, అంతకంటే రాయను.

జమాఖర్చులు కోశాధికారి విడిగా ఇస్తారు. ఆడిట్ అయింది, అప్పులు లేవు, చందా బకాయిలు ఉన్నవాళ్లు దయచేసి కట్టేయండి.

వలంటీర్ల విషయం మాత్రం దాటేయలేను. తొట్టెల పని మొదలుపెట్టినప్పుడు గ్రూపులో "నేనున్నా" అని ఇరవైమందికి పైగా రాశారు. పార పట్టుకుని రెండోసారి వచ్చినవాళ్లను ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందరికీ ఉద్యోగాలున్నాయి, పిల్లలున్నారు, నాకూ ఉన్నారు. రాలేకపోతే ముందురోజు ఒక్క మెసేజ్ పెట్టమని మాత్రమే అడుగుతున్నాను, ఎందుకంటే మీరొస్తారని ఎదురుచూసి ఒక్కరే మొత్తం కుప్ప తిరగేసిన ఆదివారాలున్నాయి. ఆ ఒక్కరు చాలాసార్లు మన రెండో అంతస్తు టీచర్‌గారు. నడుం నొప్పి ఉండి కూడా ఒక్క వారం మానలేదు. ఆమెకు సంఘం తరఫున నమస్సులు. ఎండుటాకులు సంచుల్లో నింపి తెచ్చిన పిల్లలకు, హాలు తెరిచి ఉంచిన వాచ్‌మన్‌కు, కుట్టు మిషన్ ఇచ్చి సాయంత్రం దాకా జిప్పులు బాగుచేసిన అక్కకు, మరమ్మతుల రోజు చేతులు కాల్చుకున్న ఇద్దరు కుర్రాళ్లకు, చెత్త బండి మీద వచ్చే కార్మికులందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఎవరినైనా మరిచిపోతే అది నా పొరపాటే, సమావేశంలో చెప్పండి, మినిట్స్‌లో రాయిస్తాను.

వచ్చే ఏడాది మరమ్మతుల రోజు రెండుసార్లు పెట్టాలని కమిటీ అనుకుంది. బల్ల దగ్గర కూర్చోవడానికి కుట్టుపని, వడ్రంగం, కరెంటు పని వచ్చినవాళ్లు కావాలి. తొట్టెలకు మంగళ, ఆదివారాలు ఉదయం ఇద్దరిద్దరి పేర్లు కావాలి. పేర్లు రాసే కాగితం సమావేశంలో తలుపు పక్కనే ఉంటుంది. పార, జల్లెడ, థర్మామీటర్ ఉన్న గది తాళంచెవి ఇప్పటికి నా దగ్గరే ఉంది, కొత్త కార్యదర్శి ఎవరైతే వాళ్లకు ఆ రోజే ఇచ్చేస్తాను.

ఇట్లు,
కార్యదర్శి