ఐదు మోటార్లకీ ఒకే లెక్క కట్టి అంటగట్టిన డ్రైవ్‌ల గురించి

సేల్స్ మేనేజర్ గారికి,

మిర్యాలగూడ దగ్గర మా రైస్ మిల్లులో మీరు మోటారు స్పీడు తగ్గించి పెంచే వీఎఫ్‌డీ డ్రైవ్‌లు ఐదు బిగించి నాలుగు నెలలైంది. బిల్లు సగమవుతుందన్నారు. సగం మాట దేవుడెరుగు, రోజూ ఏదో ఒక డ్రైవ్ ట్రిప్ అవుతుందేమోనన్న టెన్షన్ ఒకటి కొత్తగా పట్టుకుంది.

మీ ఇంజినీరు వచ్చిన రోజు మిల్లు ఆగి ఉంది. ఆయన నేమ్‌ప్లేట్లు ఫొటోలు తీసుకుని, టీ తాగి వెళ్లారు, ఏ మోటారు ఏం తిప్పుతుందని ఒక్క మాట అడగలేదు. రెండో రోజుకల్లా కొటేషన్ వచ్చింది: మామూలు 50 హెర్ట్జ్ బదులు 40 హెర్ట్జ్‌లో నడిపితే కరెంటు సగం, ఐదింటికీ అదే లెక్క.

ఊక లాగే బ్లోయర్‌కి ఆ లెక్క సరిపోయింది, కాదనను. ఫ్యానుకి స్పీడు తగ్గితే పవర్ దాని ఘనంలో తగ్గుతుంది, 40 అంటే 50లో 0.8 వంతు, మూడు 0.8లు గుణిస్తే 0.51. ఇదివరకు గాలిని అదుపు చేసే డ్యాంపర్ తలుపు సగం మూసి నడిపేవాళ్లం, ఇప్పుడు పూర్తిగా తెరిచి 40 మీద నడిపితే గంటకు 12 యూనిట్లు లాగేది 7కి దిగింది.

కానీ ఎలివేటర్ ఫ్యాను కాదు కదండీ, ధాన్యం పైకి మోసేది. 40 హెర్ట్జ్‌లో కరెంటు ఐదో వంతు తగ్గింది, ఎక్కిన ధాన్యమూ ఐదో వంతు తగ్గింది. ఎనిమిది గంటల పని పది గంటలకి సాగింది, క్వింటాకి చూస్తే మిగిలింది ఏమీ లేదు, హమాలీల కూలి మాత్రం పెరిగింది. పాలిషర్లు రెండూ స్పీడు తగ్గిస్తే బియ్యానికి మెరుపు రాదు, అందుకని 50లోనే నడుపుతున్నాం, అలా నడిపినంతసేపూ డ్రైవ్ వేడెక్కి తినే రెండు మూడు శాతం కరెంటు అదనపు ఖర్చే. స్టార్టింగ్‌లో లాగే కరెంటే సమస్య అయితే మోటారును మెల్లగా స్టార్ట్ చేసే సాఫ్ట్ స్టార్టర్ చాలు, ధర కూడా తక్కువ. పైగా అందులో ఒక మోటారు మూడుసార్లు రీవైండింగ్ అయింది. డ్రైవ్‌కి పెట్టిన డబ్బుతో దాని బదులు కరెంటు తక్కువ తినే ఐఈ3 రకం మోటారు వేసుకోమని చెప్పి ఉంటే, సీజనంతా ఫుల్ లోడులో తిరిగేది కాబట్టి నాలుగు డబ్బులు మిగిలేవి. మీకు కమిషన్ మిగలదేమో మరి!

ఇంకొకటి. మీరిచ్చినవి ఐపీ20 డ్రైవ్‌లు. అవి లోపలికి వేళ్లు పోకుండా ఆపుతాయి గానీ తవుడు దుమ్మును ఆపవు. డ్రైవ్ వేడిని బయటికి పంపే హీట్‌సింక్‌లో తవుడు అట్టకట్టి మే నెలలో రోజుకు రెండుసార్లు ఓవర్‌హీట్ ట్రిప్ అయ్యాయి. మీ సర్వీసు అబ్బాయి వచ్చి బ్రష్షుతో ఊడ్చి, విజిట్ చార్జీ కూడా పట్టుకెళ్లాడు.

బ్లోయర్ డ్రైవ్ ఉంచుకుంటాను, దానికి దుమ్ము నుంచి కాపాడే ఐపీ54 ప్యానెల్ మీ ఖర్చుతో పెట్టండి. మిగతా నాలుగూ వెనక్కి తీసుకుని డబ్బులివ్వండి, ఆ విజిట్ చార్జీతో సహా. అప్పటిదాకా బాకీ ఉన్న పది శాతం ఇవ్వను. ఈ లెక్కలు నమ్మకపోతే ఇంజినీరును మళ్లీ పంపండి, కాకపోతే మిల్లు నడిచే రోజు, చేతిలో మీటరుతో.

ఇట్లు,
మిల్లు యజమాని