బొమ్మలో ఉన్నాం, పేటలో లేం: నగర పర్యాటక శాఖ అధికారిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారిగారికి,

నమస్కారం. ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడూ మీ ఆఫీసులో ముద్ర వేయించుకుని ఇచ్చినవే. రసీదులున్నాయి, జవాబులే లేవు. అందుకే ఈసారి నలుగురి ముందూ రాస్తున్నాను. తప్పయితే మన్నించండి.

బస్టాపుల్లో మా వలసవాళ్ల పేట గురించి మీరు వేసిన కొత్త పోస్టరు చూశాను. ముందు వరసలో ఆడుతున్న ముసలావిడ మా పెద్దమ్మ. ఫొటో తీసేముందు అడగలేదు, సరే. పేరు వేయలేదు, అదీ సరే. పేటలో అద్దె కట్టలేక ఆవిడ ఊరి చివరికి వెళ్లిపోయింది. ఇప్పుడు మా దగ్గరికి రావాలంటే రెండు బస్సులు మారాలి. మొన్న తన బొమ్మ పక్కనే కూర్చుని ముప్పావుగంట బస్సు కోసం ఎదురుచూసింది. ఎవరూ గుర్తుపట్టలేదట.

మా పేటను పర్యాటకులకు చూపించే మీ పథకం సంగతులు మీకు నేను చెప్పక్కర్లేదు. హాలు గురించి మాత్రం చెప్పాలి.

ఓడ దిగి వచ్చిన మా తాతలు ఆ హాలును మున్సిపాలిటీ దగ్గర అద్దెకు తీసుకున్నారు. నేల వాళ్లే పరిచారు. కప్పు కారితే బకెట్లు మేమే పెట్టుకున్నాం. పిల్లలు మా భాషలో అక్షరాలు దిద్దుకున్నది అక్కడే, ఎవరైనా పోతే పదిమందీ కూర్చున్నదీ అక్కడే. ఆ హాలును 'వారసత్వ అనుభవ కేంద్రం' చేస్తామని, నెల రోజుల్లో ఖాళీ చేయమని నోటీసు ఇచ్చారు. అంటే మా వారసత్వాన్ని బయటికి పంపి, లోపల దాని ఫొటోలు తగిలిస్తారన్నమాట. నోటీసు మూడుసార్లు చదివాను, నాకే అర్థం కాలేదేమోనని.

వేరే చోటు ఇస్తామని మీటింగులో అందరి ముందూ మాటిచ్చారు. ఇచ్చారు కూడా, కాదనను. నేలమాళిగలో ఒక గది. పైన ఆఫీసులున్నాయి కాబట్టి డప్పు మోగించకూడదని షరతు! డప్పు లేకుండా మా వాళ్లు ఏం ఆడతారండీ? ఓడ దిగిననాటి పేర్లు రాసుకున్న పాత పుస్తకాలు ఇప్పుడు నా మంచం కింద ఉన్నాయి. చెద పట్టకుండా వేపాకు పెడుతున్నాను. డప్పులు తెచ్చుకునేలోపే హాలు తాళం మార్చేశారు.

ఇది మీ ఒక్కరి తెలివి కాదులెండి. వాషింగ్టన్ చైనాటౌన్‌లో 1986లో పెద్ద తోరణం కట్టారు. 1997లో పక్కనే ఇండోర్ స్టేడియం వచ్చింది, అద్దెలు పెరిగాయి, చైనావాళ్లు చాలామంది వెళ్లిపోయారు. చైనా అక్షరాలు మాత్రం కాఫీ దుకాణాల బోర్డుల మీద మిగిలాయి. మలేసియాలో జార్జ్‌టౌన్‌ది ఇంకో కథ. 2000లో అద్దెల నియంత్రణ ఎత్తేయడంతో తరాలుగా ఉన్నవాళ్లు ఇళ్లు వదిలారు, 2008లో యునెస్కో గుర్తింపు వచ్చింది. గోడల మీద పిల్లల బొమ్మలు ఆ తర్వాత వేశారు. జనం ఆ బొమ్మల పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

శాన్‌ఫ్రాన్సిస్కో సంగతి చెప్పకుండా ఉండలేను. 1906 భూకంపంలో చైనాటౌన్ కాలిపోతే, ఇదే అదనని ఆ జనాన్ని ఊరవతలికి తరిమేయాలని నగర పెద్దలు చూశారు. చైనా వర్తకులు తెలివిగా అమెరికా వాస్తుశిల్పులను పెట్టి, పగోడా కప్పులతో భవనాలు లేపారు. చూడ్డానికి వచ్చే జనం ఉంటే మనల్ని కదపలేరని వాళ్ల లెక్క. ఇవాళ ఆ కప్పులే ఆ ఊరి ప్రచారానికి ముఖచిత్రం. పొట్టకూటి కోసం వేసుకున్న వేషం వాళ్లను కాపాడింది. మేమూ వేశాం, మీరడిగిన ప్రతిసారీ, ఒక్క పైసా తీసుకోకుండా. మాకు దక్కింది నేలమాళిగ.

లండన్ బ్రిక్‌లేన్‌లో ఒకే భవనం 1743లో ఫ్రెంచి శరణార్థుల ప్రార్థనాలయంగా మొదలై, 1898లో యూదులదై, 1976లో బెంగాలీల మసీదయింది. ఒకళ్ల తర్వాత ఒకళ్లు వాడుకుంటూనే ఉన్నారు, అందుకే అది బతికుంది. మా హాలునూ వాడుకోనివ్వండి. అంతకన్నా ఏమడిగాం? సంస్కృతిని కాపాడే పనిలో దాన్ని బతికించేవాళ్లకు వీలైనంత ఎక్కువ భాగస్వామ్యం ఉండేలా చూడాలని యునెస్కో 2003 ఒప్పందం 15వ అధికరణం చెబుతోంది. అది మీకూ తెలుసు, కరపత్రంలో యునెస్కో పేరు వేసింది మీరే కదా.

హాలు ఇవ్వండి. పూర్తిగా కాకపోతే సాయంత్రాలైనా. అదీ కాకపోతే ఒక్కసారి వచ్చి ఆ నేలమాళిగ చూడండి, టీ నేనే ఇప్పిస్తాను.

అన్నట్టు, కేంద్రం ప్రారంభోత్సవానికి పన్నెండు మంది ఆటగాళ్లను సంప్రదాయ దుస్తుల్లో, డప్పులతో సహా పంపమని మీ ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. పెద్దమ్మ రానంది. మిగతావాళ్లను అడుగుతున్నాను. డప్పులు మాత్రం హాల్లోనే ఉన్నాయి, తాళం మీ దగ్గరే ఉంది.

ఇట్లు,
పోస్టరులో ఎడమవైపు చివర, సగం కత్తిరించిన మనిషి