ఏప్రిల్ 15 నీకొక్కడికే కాదు బావా

ఒరేయ్ బావా,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. బోటు ఒడ్డున కట్టేసి 61 రోజులు వలలు బాగుచేసుకుంటూ కూర్చోవాలి, ఈ వేట నిషేధం పెట్టినోడు ఎప్పుడైనా సముద్రం మొహం చూశాడా అని నువ్వు తిడుతుంటే నాకు నవ్వాగలేదు, ఏమనుకోకు. ఎందుకంటే ఇక్కడ ఫిన్లాండ్‌లో వల వేసే మా ఇంటి ఓనరు పెద్దాయన కూడా ఏటా ఇదే ఏప్రిల్ 15 పేరెత్తి ఇలాగే తిడతాడు. నీకు జూన్ 14తో వదులుతుంది, ఆయనకి జూన్ 30 దాకా వదలదు. నిన్ను ఆపింది చేపలు గుడ్లు పెట్టుకోవడానికి. ఆయన్ని ఆపింది సీలు పిల్లల కోసం.

సీలంటే మంచు సముద్రంలో ఉండే జంతువు కదా, మీ ఊళ్లో చెరువే కదా ఉంది అంటావు. చెరువు కాదురా, సైమా సరస్సు. ఫిన్లాండ్ మొత్తంలో ఇదే పెద్దది, నాలుగు వేల చదరపు కిలోమీటర్ల పైమాటే, ఎటు చూసినా లంకలు. మంచుయుగం అయిపోయాక ఇక్కడ నేల పైకి లేచి సముద్రానికి దారి మూసుకుపోయింది, లోపల ఇరుక్కుపోయిన సీళ్లు ఇక్కడే కాపురం పెట్టేశాయి. అది జరిగి తొమ్మిది వేల ఏళ్లు దాటింది. అప్పట్నుంచీ వాటికి మంచినీళ్లే. ఈ రకం ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. వీళ్లు నోర్పా అంటారు.

పోయిన ఆదివారం పడవలో వెళ్తుంటే ఒకటి కనిపించింది. మేలో పాత బొచ్చు రాలి కొత్తది వస్తుంది, అందుకని రాళ్లమీదికెక్కి గంటలు గంటలు ఎండలో పడుకుంటాయి. రామాలయం అరుగు మీద మధ్యాహ్నం పూట పొట్ట మీద చెయ్యేసుకుని పడుకునే మనవాళ్లే గుర్తొచ్చారు. ముదురు బూడిద రంగు ఒళ్లు, దాని మీద తెల్లటి రింగులు. మన వేలిముద్రల్లాగా ఏ రెండిటి రింగులూ ఒకేలా ఉండవట, యూనివర్సిటీ వాళ్లు ఫొటోలు తీసి రింగుల్ని బట్టే ఏది ఏదో గుర్తుపడతారు. 2016 నుంచి ఇలాంటి రాయి ముందు కెమెరా పెట్టి లైవ్ కూడా ఇస్తున్నారు. ఒక జంతువు బండ మీద అటు నుంచి ఇటు దొర్లితే దేశమంతా కూర్చుని చూస్తుంది, నేనూ ఆఫీసులో ఓ మూల విండోలో పెట్టుకుని చూస్తాను, మా మేనేజరుకి చెప్పకు.

మా పెద్దాయన కంప్లైంట్ ఏంటంటే, సరస్సులో చేపలన్నీ అదే మింగేస్తోందని. ఈ మాట ఆయనది కాదు, తాతల నాటిది. చంపి తెస్తే సర్కారే డబ్బులిచ్చిన రోజులున్నాయి, 1955లో గానీ చంపకూడదని చట్టం రాలేదు. అసలు అది ఏం తింటుందో పొట్ట కోసి చూశారు బావా. చేప తలకాయ చీకుతుంటే పంటికింద చిన్న తెల్లరాయి తగులుతుంది చూడు, చేప చెవిలో ఉండేది, అదే సాక్ష్యం. మాంసం అరిగిపోయినా ఆ రాయి మిగులుతుంది. దాని ఆకారాన్ని బట్టి ఏ చేపో, సైజుని బట్టి ఎంత పొడవుదో చెప్పేస్తారు. తేలింది ఏంటంటే, ఇది తినేదంతా గుంపులుగా తిరిగే పొట్టి చేపలే. ముయిక్కు, కూరె అని ఇక్కడి చేపలు, చిన్న చిన్న పెర్చ్‌లు, రోచ్‌లు. ఎక్కువభాగం జానెడు కూడా ఉండవు. ఈ సరస్సులో సాల్మన్ కూడా అంతరించిపోయే స్థితిలోనే ఉంది, దాన్ని నోర్పాయే తినేస్తోందని చాలామంది గోల, కానీ పొట్టల్లో ఆ జాతి రాళ్లు దాదాపు లేవు.

ఒక్క ముయిక్కు దగ్గర మాత్రం పెద్దాయనకీ సీలుకీ నిజంగానే పోటీ ఉంది, అది ఒప్పుకోవాలి. వేలెడు వెండిరంగు చేప, రై అనే ధాన్యం పిండిలో దొర్లించి వెన్నలో ముల్లుతో సహా వేయిస్తారు. అత్తయ్య చేసే నెత్తళ్ల వేపుడులో కారం మొత్తం తీసేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. నేను ఊరి నుంచి తెచ్చుకున్న కారం చల్లుకుని తింటుంటే ఆయన అదోలా చూస్తాడు.

తిండి సంగతి వచ్చింది కాబట్టి ఇంకోటి చెప్పాలి. రష్యాలో బైకాల్ సరస్సులో కూడా మంచినీటి సీళ్లున్నాయి. వాటికేం భయం లేదు, లక్ష దరిదాపుల్లో ఉన్నాయి. ఎలా బతుకుతున్నాయబ్బా అని జపాన్ వాళ్లు వాటికి కెమెరాలు కట్టి చూస్తే, రాత్రిళ్లు మునిగి రొయ్యపొట్టు సైజు పురుగుల్ని ఒక్కొక్కటే ఏరుకు తింటున్నాయి, ఒక్క మునకకి సగటున 57! వాటి పళ్లు దువ్వెనలా ఉంటాయి, నీళ్లు బయటికి పోయి పురుగు లోపల ఉండిపోతుంది. మా నోర్పాకి ఆ సదుపాయం లేదు పాపం.

మరి మా నోర్పాలు ఎందుకు తగ్గిపోయాయి? 1980ల్లో 120, 150 మధ్యకి పడిపోయాయి. వేట ఆగింది కదా, మరింకేంటి? ఒకప్పుడు సరస్సు నీళ్లలో పాదరసం చేరి కొన్ని పోయాయి. అసలు దెబ్బ మాత్రం వల. నూలు వలలున్న రోజుల్లో సీలు చిక్కుకున్నా చింపుకుని పోయేది. 1960ల్లో నైలాన్ వచ్చింది, సన్నగా ఉంటుంది, కనబడదు, తెగదు. సీలు మనలాగా ఊపిరి పీల్చుకునే జీవి, పైకి రాలేకపోతే అంతే. పెద్దవి ఎలాగో పెనుగులాడి బయటపడినా పిల్లలకి ఆ బలం ఉండదు. ఫిబ్రవరి, మార్చిలో పుడతాయి, పాలు మానేసి సొంతంగా చేపలు పట్టడం మొదలెట్టేది సరిగ్గా ఈ వసంతకాలంలోనే. ప్రతిదాంట్లోనూ ముక్కు దూర్చే వయసు. అందుకే ఆ తేదీలు. మొదట్లో నీళ్ల హక్కుదారుల్ని బతిమాలి, ఒప్పందాలు రాసుకుని, డబ్బిచ్చి వలలు ఆపించేవాళ్లు, 2011లో ఏకంగా ప్రభుత్వ ఉత్తర్వే వచ్చింది. అప్పుడు కూడా గేలం వేసుకోవచ్చు, మన కొల్లేటి మావుల్లాంటి తీగ బుట్టలు కూడా పెట్టుకోవచ్చు, కాకపోతే మూతి చిన్నగా ఉండాలి, పిల్ల తల దూరకూడదు.

నువ్వు ఈ మాట దగ్గర నన్ను పట్టుకుంటావని తెలుసు, నేనే చెప్తాను. మా పెద్దాయనకి పెన్షనుంది, వల ఆయనకి సరదా. రెండున్నర నెలలు ఆపితే ఆయనకి పోయేది వేపుడు. నీకు పోయేది ఇల్లు గడిచే డబ్బు. కాబట్టి ఆయన తిట్లూ నీ తిట్లూ ఒకటే అని నేననను.

నోర్పాలకి వల తర్వాత రెండో దెబ్బ మంచు. ఆడ నోర్పా లంక ఒడ్డున పేరుకున్న మంచు దిబ్బ లోపల, కింద గడ్డకట్టిన నీళ్లకి కన్నం చేసుకుని, గూడు తవ్వుకుని కంటుంది. ఈమధ్య మంచు సరిగ్గా పడట్లేదు. దిబ్బ లేకపోతే పిల్ల బయట పడి ఉంటుంది, చలి, నక్కలు. అందుకని 2014 శీతాకాలం నుంచి, మంచు చాలని ఏడాదల్లా అడవుల శాఖ వాళ్లూ వాలంటీర్లూ పారలు పట్టుకెళ్లి వందల దిబ్బలు పోస్తున్నారు. నవ్వకు, ఓసారి జనవరిలో నేనూ వెళ్లాను. సరస్సు మీద నడిచి, మీటరు పైన ఎత్తు దిబ్బ పోసేసరికి నడుం పడిపోయింది, మర్నాడు సాక్సులు తొడుక్కోలేకపోయా. ఏ లంకో ఎవరికీ చెప్పొద్దన్నారు, ఆ చుట్టుపక్కలకి మళ్లీ రావద్దన్నారు. పురుడు జరిగిందో లేదో నాకు తెలీదు. ఊరికే గుర్తొస్తూ ఉంటుంది.

ఇప్పుడు అయిదొందల దాకా ఉన్నాయి. పెళ్లికి పిలిచే జనం కంటే తక్కువే అనుకో, అయినా ఆ 120 నుంచి ఇక్కడికి రావడం మాటలు కాదు.

ఒక పని చెయ్యి. మీ ఒడ్డుకి ఏటా తాబేళ్లు చచ్చి కొట్టుకొస్తాయి కదా, అవి కూడా ఊపిరి కోసం పైకొచ్చేవే. మావయ్యని అడుగు, ఆయన చిన్నప్పుడు నూలు వలలుండగా ఎలా ఉండేది, నైలాన్ వచ్చాక ఏమైనా తేడా చూశాడా అని. ఫోన్ ఆయన చేతికిచ్చి వాయిస్ పెట్టించు, నువ్వు మధ్యలో దూరకు.

ఉంటా మరి,
నీ బావ